‘అప్పటికే’ జరిగిన పని: ఇంగ్లీషులో పాస్ట్ పర్ఫెక్ట్

ఇంగ్లీషు చదువుకొన్న తెలుగువారు వ్రాసే ఉత్తరాలను, అర్జీలను పరిశీలించి చూస్తే ఒక చిత్రం కనబడుతుంది. ‘హాడ్’ అనే మాట ఉండవలసిన చోట ఉండదు. ఉండనక్కరలేని చోట దర్జాగా కూర్చుని ఉంటుంది. ‘పోయిన నెలలో తిరుపతి వెళ్ళినాను’ అని చెప్పదలచినవారు ‘ఐ హాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ మంత్’ అని వ్రాస్తారు. ఉద్యోగానికి అర్జీ పెట్టుకొనేవారు ‘ఐ హాడ్ పాస్డ్ బి.ఏ. ఇన్ ఫస్ట్ క్లాస్’ అంటారు. కాని ‘నేను స్టేషను చేరేసరికి రైలు వెళ్ళిపోయినది’ అనే మాటకు మాత్రం ‘వెన్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ లెఫ్ట్’ అని సరిపెట్టుకొంటారు. మొదటి రెండు వాక్యాలలో ‘హాడ్’ అనవసరం. మూడవ వాక్యంలో అది లేకపోవడం వలన, రైలు మన కళ్ళ ఎదుటనే కదలినట్లు అర్థం వస్తుంది.

‘హాడ్’తో ఏర్పడే ఈ క్రియారూపాన్ని ఇంగ్లీషు వ్యాకర్తలు పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్ అంటారు. లాటిన్ వ్యాకరణం నుండి వచ్చిన మరొక పేరు ప్లూపర్ఫెక్ట్. ‘పూర్తి అయినదానికంటె మించినది’ అని ఆ లాటిన్ మాటకు అర్థం. పేరు వింటే భయం పుడుతుంది గాని, విషయం అంత భయపడవలసినది కాదు. మన సౌకర్యం కొరకు ఈ ప్రసంగంలో దీనిని పూర్వభూతం అని పిలుచుకొందాము.

రూపం చాలా సులభం. ‘హాడ్’ అనే మాట తరువాత క్రియయొక్క మూడవ రూపాన్ని చేర్చితే చాలును. గో, వెంట్, గాన్ అని మన పిల్లలు వల్లె వేస్తారు గదా, అందులో చివరిది మూడవ రూపం. నేను, నీవు, అతడు, వారు అనే భేదం లేకుండా అందరికీ ‘హాడ్’ ఒక్కటే. ‘హావ్’, ‘హాస్’ల తగవు ఇక్కడ లేదు. ‘హాడ్ వెంట్’, ‘హాడ్ వ్రోట్’ అనే పొరపాట్లను మాత్రం జాగ్రత్తగా తప్పించుకోవలెను. ‘హాడ్ గాన్’, ‘హాడ్ రిటెన్’ అన్నవే సరియైన రూపాలు. రూపాన్ని గురించి ఇంతకంటె చెప్పవలసినది లేదు. చిక్కంతా ప్రయోగంలో ఉన్నది.

ఆ చిక్కుకు మూలం ఒక దురభిప్రాయం. చాలాకాలం క్రితం జరిగిన పనికి ‘హాడ్’ వాడవలెనని మనలో అనేకులు లోలోపల నమ్ముతూ ఉంటారు. నిన్న జరిగినదానికి సాదా భూతకాలం, పదేళ్ళనాటిదానికి పూర్వభూతం అని వారి లెక్క. ఈ లెక్క పూర్తిగా తప్పు. పూర్వభూతానికి దూరంతో నిమిత్తం లేదు. దానికి కావలసినది వరుస. గతంలో ఒక క్షణాన్ని చూపి, ఆ క్షణంలో నిలబడి, దానికంటె వెనుక జరిగినదానిని చూచినప్పుడే ‘హాడ్’కు పని కలుగుతుంది.

ఇందుకు చరిత్రలో మంచి ఉదాహరణ ఒకటి ఉన్నది. నార్వే దేశీయుడైన అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని చేరినాడు. ఇది జరిగి నూరేళ్ళు దాటినది. అయినా ఈ సంగతిని ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే ‘అముండ్‌సెన్ రీచ్డ్ ది సౌత్ పోల్ ఇన్ డిసెంబర్ 1911’ అంటారేగాని ‘హాడ్ రీచ్డ్’ అనరు. ఎంత పాతదైనా అది ఒంటరి సంఘటన. సాదా భూతకాలమే దానికి తగినది. ఇక రెండవ కథానాయకుని తీసుకువద్దాము. ఇంగ్లండు నుండి బయలుదేరిన కెప్టెన్ స్కాట్ నలుగురు సహచరులతో 1912 జనవరి 17న అదే చోటికి చేరినాడు. అక్కడ నార్వేవారి గుడారం, అందులో అముండ్‌సెన్ విడిచిపోయిన ఉత్తరం ఉన్నవి. ఇప్పుడు మనం స్కాట్ పక్కన, ఆ మంచుమీద నిలబడి కథ చెబుతున్నాము. ‘వెన్ స్కాట్ రీచ్డ్ ది పోల్, అముండ్‌సెన్ హాడ్ ఆల్‌రెడీ బీన్ దేర్.’ రెండు సంఘటనల మధ్య ఉన్నది ముప్పదినాలుగు రోజులు మాత్రమే. నూరేళ్ళ దూరానికి లేని ‘హాడ్’, ముప్పదినాలుగు రోజుల ముందువెనుకలకు వచ్చినది. స్కాట్ బృందంలోని అయిదుగురూ తిరుగు ప్రయాణంలో మరణించినారు. ఆ ప్రయాణపు విషాదమంతా ఆ చిన్న ‘హాడ్’లో ఇమిడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

రోజులే కాదు, నిమిషాల తేడా ఉన్నా ఇదే పద్ధతి. ఈ ఉదయం టెలిఫోను మ్రోగినది. మీరు వెళ్ళి ఎత్తేలోగా ఆగిపోయినది. ‘వెన్ ఐ పిక్డ్ ఇట్ అప్, ది రింగింగ్ హాడ్ స్టాప్డ్’ అని చెప్పవలెను. జరిగి గంట కూడ కాలేదు. అయినా ‘హాడ్’ తప్పదు.

ఇట్టి వరుసను మన తెలుగు ఏ విధంగా చెబుతున్నదో చూస్తే, తెలుగువారికి ఈ విషయం ఎందుకు తికమకగా ఉంటుందో తెలుస్తుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణాన్ని చదివినవారికి క్త్వార్థకం అనే మాట గుర్తుండే ఉంటుంది. ‘వచ్చి’, ‘తిని’, ‘చూచి’ అనేవి అట్టి రూపాలు. ‘స్నానం చేసి, భోజనం చేసి, ఆఫీసుకు వెళ్ళినాడు’ అంటే ఏది ముందో ఏది వెనుకనో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ‘చేసి’ అన్న రూపమే చెబుతుంది. కర్తలు వేరైనప్పుడు మన భాషలో మరికొన్ని సాధనాలు ఉన్నవి. ‘నేను వెళ్ళగానే ఆయన లేచినాడు’ అంటే నా రాక తరువాత ఆయన లేచినాడు. ‘నేను వెళ్తూ ఉండగా ఆయన లేచినాడు’ అంటే నేనింకా దారిలో ఉన్నాను. ‘నేను వెళ్ళేసరికి ఆయన లేచి ఉన్నాడు’ అంటే ఆ పని నా రాకకు ముందే అయిపోయినది.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. గానే, ఉండగా, సరికి అనే మూడింటి స్థానంలో ఇంగ్లీషువారు సాధారణంగా ‘వెన్’ అనే ఒక్క మాటను వాడతారు. వరుసను చెప్పే భారాన్ని మనం ఉపవాక్యంలోని క్రియమీద వేసినాము. వారి ‘వెన్’ ఆ భారాన్ని మోయలేదు. కనుక అది ప్రధానక్రియ నెత్తిన పడినది. ‘వెన్ ఐ వెంట్, హీ గాట్ అప్’ అంటే గానే. ‘వెన్ ఐ వెంట్, హీ వాస్ గెటింగ్ అప్’ అంటే సరిగా ఆ సమయంలోనే. ‘వెన్ ఐ వెంట్, హీ హాడ్ గాట్ అప్’ అంటే సరికి. మూడింటిలోనూ ‘వెన్ ఐ వెంట్’ ఏమీ మారలేదు. మనవారు ‘సరికి’ని ‘వెన్’గా మార్చి, అక్కడితో పని అయిపోయినదనుకొంటారు. ‘సరికి’లోని సగం అర్థం ఆ మార్పులో జారిపోయినది. దానిని ఏరి తెచ్చి ప్రధానక్రియకు తగిలించవలసిన బాధ్యత మిగిలే ఉన్నది.

ఇది పండితుల చర్చకు మాత్రమే సంబంధించిన విషయమని శ్రోతలు అనుకోవచ్చును. కాని సాక్షి తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషులో నమోదయ్యే సందర్భాలు మన న్యాయస్థానాలలో ఉన్నవి. రోడ్డు మలుపులో ఒక లారీ, ఒక సైకిలు ఢీకొన్నవనుకొందాము. చూచినవాడు వచ్చి ‘సైకిలు మలుపు దగ్గరకు వచ్చేసరికి లారీ ఆగి ఉన్నదండీ’ అంటాడు. దానిని ఇంగ్లీషులో ‘వెన్ ది సైకిల్ కేమ్ టు ది టర్నింగ్, ది లారీ స్టాప్డ్’ అని వ్రాసుకొంటే ఏమయినది? సైకిలు వచ్చేదాకా లారీ కదులుతూనే ఉన్నదని, సైకిలును చూచి ఆపినారని అర్థం వచ్చినది. సాక్షి చెప్పినది అది కాదు. ‘ది లారీ హాడ్ స్టాప్డ్’ అని ఉంటే, నిలిచి ఉన్న లారీని సైకిలే వచ్చి తాకినదని తేలుతుంది. నేరం ఎవరిది, నష్టపరిహారం ఎవరు ఎవరికి ఇవ్వవలెను అనే ప్రశ్నలకు సమాధానం ఆ ఒక్క మాట ఉండడంమీద, లేకపోవడంమీద ఆధారపడి ఉండవచ్చును.

ఇంటిలోని విషయమే చూడండి. పిల్లవానికి జ్వరం వచ్చినది. మాత్ర ఇచ్చినారు. జ్వరం తగ్గినది. దూరాన ఉన్న డాక్టరుకు ఈ సంగతి వ్రాయవలసి వచ్చినది. ‘వెన్ ఐ గేవ్ ది టాబ్లెట్, ది ఫీవర్ కేమ్ డౌన్’ అని వ్రాస్తే, ఆ మాత్రవలన జ్వరం తగ్గినదని ఆయన గ్రహిస్తాడు. అదే మాత్రను కొనసాగించమంటాడు. ‘ది ఫీవర్ హాడ్ కమ్ డౌన్’ అని వ్రాస్తే, మాత్ర ఇవ్వకముందే జ్వరం దానంతట అదే తగ్గినదని తెలుసుకొంటాడు. ముందువెనుకలు తారుమారైతే కారణం కార్యం కూడ తారుమారవుతుంది.

మరి ఎప్పుడు ‘హాడ్’ వాడవలెనో తెలుసుకొనడానికి తెలుగువారికి తేలిక ఉపాయం ఏదైనా ఉన్నదా? ఉన్నది. అది మన భాషలోనే ఉన్నది. ‘ఇప్పటికే’, ‘అప్పటికే’ అని రెండు మాటలున్నవి. ఇకారం దగ్గరను, అకారం దూరాన్ని చూపుతాయి, ఇక్కడ, అక్కడ, ఇది, అది అన్నట్లుగా. మనం చెప్పబోయే వాక్యంలో ‘ఇప్పటికే’ ఇమిడితే ఇంగ్లీషులో ‘హావ్’ లేదా ‘హాస్’ రావలెను. ‘అప్పటికే’ ఇమిడితే ‘హాడ్’ రావలెను. ఆ రెండూ ఇమడకపోతే చాలవరకు సాదా భూతకాలంతో పని జరిగిపోతుంది. ‘ఇప్పటికే భోజనం చేసినాను, వద్దండీ’ అంటే ‘ఐ హావ్ ఆల్‌రెడీ ఈటెన్.’ ‘వారు పిలిచినారు గాని, నేను అప్పటికే భోజనం చేసినాను’ అంటే ‘ఐ హాడ్ ఆల్‌రెడీ ఈటెన్.’ ఇందులో కంఠస్థం చేయవలసిన సూత్రం ఏమీ లేదు.

ఈ పరీక్షకు ఒక చిన్న అనుబంధం ఉన్నది. ‘అప్పటికే’ అనగానే ఎదుటివారు ‘ఎప్పటికి?’ అని అడుగుతారు గదా! దానికి వాక్యంలోగాని, దాని చుట్టుపక్కలగాని సమాధానం ఉండవలెను. ‘వారు పిలిచేటప్పటికి’ అన్నది అట్టి సమాధానం. ఇప్పుడు తిరుపతి వాక్యాన్ని పరీక్షించి చూడండి. ‘పోయిన నెలలో అప్పటికే తిరుపతి వెళ్ళినాను.’ ఎప్పటికి? సమాధానం లేదు. కనుక ‘హాడ్’కు చోటు లేదు, ‘ఐ వెంట్ టు తిరుపతి లాస్ట్ మంత్’ అంటే చాలును. బి.ఏ. ప్యాసైన వాక్యం కూడ ఇట్టిదే. ఇంగ్లీషు బాగా ఎరిగినవాడు ‘ఐ హాడ్ పాస్డ్ బి.ఏ.’ అని చదివి, కథ వింటూ ‘ఊఁ’ కొట్టిన పిల్లవానివలె తరువాతి మాట కొరకు ఎదురుచూస్తాడు. ప్యాసైనాడు, సరే, ఆ తరువాత ఏమయినది? డిగ్రీ రద్దయినదా? ఏమీ కాలేదు, అర్జీ అంతటితో ముగిసినది. ‘ఐ హాడ్ సెంట్ ది మనీ’ అని కొడుకు వ్రాసిన ఉత్తరం ఇంకా ఇబ్బందికరమైనది. పంపినాడు గాని అది చేరలేదనో, తిరిగి వచ్చినదనో చెప్పబోతున్నాడని చదివేవారి గుండె గుభేలుమంటుంది.

మన దేశంలో ఈ వాడుక ఎంత వ్యాపించినదంటే, మనలో మనం వ్రాసుకొనేటప్పుడు ఎవరూ దీనివలన మోసపోవడం లేదు. ఆ మాట ఒప్పుకొనవలసినదే. దీనిని మహాపరాధంగా భావించి ఎదుటివారిని కించపరచే వ్యాకరణ పరిజ్ఞానం నాకు రుచించదు. కాని పరదేశీయులు చదివే ఉత్తరంలో, చట్టానికి లోబడిన పత్రంలో ఈ పొరపాటు అర్థాన్నే మార్చివేస్తుంది. అక్కడ జాగ్రత్త అవసరం.

ఈ ‘చాలాకాలం క్రితం’ అనే భ్రమ మనకు ఎక్కడినుండి వచ్చినదో ఊహించడం కష్టం కాదు. హిందీ, ఉర్దూ తెలిసినవారికి, ముఖ్యంగా హైదరాబాదు ప్రాంతీయులకు, ‘మై గయా థా’ అనే ప్రయోగం సుపరిచితం. ఆ భాషలలో ‘థా’ చేరిన క్రియ వెనుకటి ముచ్చటను చెప్పడానికి స్వేచ్ఛగా వస్తుంది. రెండవ సంఘటన ఉండి తీరవలెననే నిర్బంధం లేదు. ఆ ‘థా’ను మనవారు ‘హాడ్’తో జతపరచినారు. సంస్కృతం చదివినవారికి మరొక సామ్యం తోస్తుంది. పాణిని భూతకాలాన్ని మూడు విధాలుగా విభజించినాడు. సామాన్యంగా గడచినదానికి లుఙ్, నేటిది కాని గతానికి లఙ్, నేటిది కాక వక్త కంటితో చూడనిదానికి లిట్. ఆ విభజన దూరాన్ని, ప్రత్యక్షపరోక్షాలను బట్టి చేసినది. ఎంతో సూక్ష్మమైనదే, కాని ఇంగ్లీషువారి విభజన అది కాదు. వారిలో పరోక్షానికి వేరు రూపం లేదు. నిన్నటికి, వెయ్యేళ్ళనాటికి భేదం లేదు. ఒకరి కొలకర్రతో మరొకరి పొలం కొలవకూడదు.

ఇంగ్లీషువారికి కూడ ఈ రూపం మొదటినుండి ఇంత స్థిరంగా లేదు. వెయ్యేళ్ళ క్రితపు ప్రాచీన ఆంగ్లంలో అనేక సందర్భాలలో సాదా భూతక్రియకు ‘మునుపు’ అనే అర్థమిచ్చే ‘ఏర్’ అనే చిన్న మాటను జోడించి సరిపెట్టుకొనేవారు. మనం ‘అప్పటికే వెళ్ళినాడు’ అన్నట్లే! ‘హాడ్’ రూపం ఏర్పడిన తీరు కూడ సరదాగా ఉంటుంది. మొదట ‘ఉత్తరాన్ని వ్రాసి ముగించిన స్థితిలో కలిగి ఉన్నాడు’ అనే అర్థంలో ‘హీ హాడ్ ది లెటర్ రిటెన్’ వంటి పలుకుబడి ఉండేది. అక్కడ ‘హాడ్’ నిజంగా ‘కలిగి ఉండెను’ అనే క్రియ. క్రమంగా పదాలు చోటు మారి, ‘హీ హాడ్ రిటెన్ ది లెటర్’ అయినది. ‘కలిగి ఉండడం’ అరిగిపోయి, వరుసను చూపే గుర్తుగా మిగిలినది. మన గ్రాంథికభాషలోని ‘వ్రాసియుండెను’ అనే రూపం దీనికి చాలా దగ్గరి బంధువు. వారు ‘కలిగి ఉండడం’ నుండి వచ్చినారు, మనం వట్టి ‘ఉండడం’ నుండి వచ్చినాము.

అవసరం లేనిచోట ‘హాడ్’ను దూరంగా ఉంచడం కూడ నేర్చుకోవలెను. వరుసగా జరిగిన పనులను జరిగిన క్రమంలోనే చెప్పుకుపోతూ ఉంటే దానితో పని లేదు. ‘హీ కేమ్ హోమ్, డ్రాంక్ కాఫీ, అండ్ టర్న్‌డ్ ఆన్ ది రేడియో.’ వచ్చినాడు, త్రాగినాడు, పెట్టినాడు; వాక్యంలోని క్రమమే కాలక్రమం. కథనం వెనుకకు తిరిగి చూచినప్పుడు మాత్రమే ‘హాడ్’ కావలెను. ‘హీ టర్న్‌డ్ ఆన్ ది రేడియో, బట్ ది న్యూస్ హాడ్ ఎండెడ్.’ పాపం, వార్తలు అంతకుముందే అయిపోయినవి.

‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ అనే మాటలున్నచోట కూడ వరుస ఆ మాటలలోనే తెలిసిపోతుంది. కనుక సాదా భూతకాలం సరిపోతుంది, ‘హాడ్’ ఉన్నా తప్పు లేదు. డాక్టరు రాకముందే రోగి చనిపోయిన వాక్యం మన బడులలో తరతరాలుగా వినబడుతున్నది. ఆ రోగి ఇప్పటికి ఎన్ని లక్షలసార్లు మరణించినాడో లెక్క లేదు. పూర్వభూతాన్ని బోధించడానికి అది అంత మంచి ఉదాహరణ కాదని నా అభిప్రాయం. అందులో ‘బిఫోర్’ ఉండనే ఉన్నది; ‘హాడ్’ తీసివేసినా రోగి ముందే చనిపోతాడు. అదే వాక్యాన్ని ‘వెన్’తో చెప్పి చూడండి. ‘వెన్ ది డాక్టర్ కేమ్, ది పేషెంట్ డైడ్’ అంటే డాక్టరుగారి రాకతోనే రోగి ప్రాణం పోయినట్లవుతుంది. డాక్టరుగారి పరువు నిలబెట్టడానికి ‘హాడ్’ అత్యవసరం. ఉపాధ్యాయులు పిల్లలకు ఈ రెండవ వాక్యాన్నే చెబితే బాగుంటుంది.

ఒక పని గతంలోని ఒక క్షణం దాకా కొనసాగుతూ వచ్చినదని చెప్పడానికి ‘హాడ్ బీన్’ తరువాత ‘ఇంగ్’ రూపం వస్తుంది. రేడియో చరిత్రనుండే ఉదాహరణ తీసుకొందాము. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. విజయవాడ కేంద్రం ప్రారంభమైననాటికి మద్రాసు కేంద్రం పదేళ్ళుగా తెలుగు ప్రసారాలు చేస్తూ ఉన్నది. ఇంగ్లీషులో ‘వెన్ విజయవాడ కేమ్ ఆన్ ది ఎయిర్, మద్రాస్ హాడ్ బీన్ బ్రాడ్‌కాస్టింగ్ ఇన్ తెలుగు ఫర్ టెన్ ఇయర్స్’ అంటారు. ‘పదేళ్ళనుండి’ అనే తెలుగు మాటను చూచి ‘సిన్స్ టెన్ ఇయర్స్’ అనకూడదు. కాలపు పొడవుకు ‘ఫర్’, మొదలైన తేదీకి ‘సిన్స్’.

ఇంగ్లీషు వార్తలు వినేవారికి పూర్వభూతం మరొక రూపంలో తరచుగా తటస్థపడుతుంది. ‘ది మినిస్టర్ సెడ్ దట్ ది గవర్నమెంట్ హాడ్ అప్రూవ్డ్ ది స్కీమ్.’ మంత్రి నోట వచ్చినది ‘హాడ్’ కాదు. ‘ప్రభుత్వం పథకాన్ని ఆమోదించినది’ అని మాత్రమే ఆయన అన్నాడు. ఒకరి మాటను మరొకరు ‘సెడ్’ అని చేరవేసేటప్పుడు ఇంగ్లీషులో లోపలి క్రియ ఒక మెట్టు వెనుకకు జరుగుతుంది. తెలుగులో ఈ జరుగుబాటు లేదు. మన ‘అని’ అనే మాట ఎదుటివారి పలుకును దాదాపు ఉన్నదున్నట్లు మోసుకువస్తుంది. ‘ఆమోదించినదని మంత్రి చెప్పినారు’ అంటాము. కనుక తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో వ్రాసేవారు ఇక్కడ ప్రత్యేకించి జాగ్రత్తగా ఉండవలెను. మీ బంధువును చూచివచ్చిన మిత్రుడు ‘హీ సెడ్ హీ వాస్ ఇల్’ అని వ్రాసినాడనుకోండి. చెప్పిన సమయానికి ఆయనకు జబ్బు ఉన్నది. ‘హీ సెడ్ హీ హాడ్ బీన్ ఇల్’ అని వ్రాస్తే జబ్బు అంతకుమునుపటిది. బహుశా ఇప్పుడు కోలుకొన్నాడు. ప్రయాణం కట్టవలెనా, పరామర్శగా ఒక ఉత్తరం ముక్క వ్రాస్తే చాలునా అన్నది ఆ మాటను బట్టి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

చెవితో వినేటప్పుడు ఇంకొక ఇబ్బంది. సంభాషణలో ఇంగ్లీషువారు ‘హాడ్’ను పూర్తిగా పలుకరు. ‘హీ హాడ్’ అన్నది ‘హీడ్’ అవుతుంది, ‘దే హాడ్’ అన్నది ‘దేడ్’ అవుతుంది. చివరి డకారం ఒక్కటే మిగులుతుంది. అదీ ఒక్కొక్కప్పుడు తరువాతి హల్లులో కలసిపోతుంది. పైగా ‘వుడ్’ అనే మాట కూడ అదే డకారంగా కుదించుకుపోతుంది. అప్పుడు తరువాతి క్రియను పట్టుకోవలెను. ‘హీడ్ గాన్’ అంటే ‘హాడ్’. ‘హీడ్ గో’ అంటే ‘వుడ్’. ‘కమ్’, ‘పుట్’, ‘కట్’ వంటి క్రియలకు మొదటి రూపం, మూడవ రూపం ఒక్కటే. కనుక ‘హీడ్ కమ్’ అన్నప్పుడు వచ్చి ఉండెనా, వచ్చేవాడా అన్నది ముందు వెనుక మాటలను బట్టి తేల్చుకోవలసినదే.

చివరగా, వరుసతో సంబంధం లేని ఒక ‘హాడ్’ ఉన్నది. జరగనిదానిని తలచుకొని ‘తెలిసి ఉంటే వచ్చి ఉండేవాడిని’ అంటాము. ఇంగ్లీషులో ‘ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్.’ తెలియలేదు, రాలేదు; రెండూ ముగిసిపోయిన సంగతులు. ఇక్కడ తెలుగు, ఇంగ్లీషు చేతులు కలుపుకొని నడుస్తాయి. ‘తెలిసి ఉంటే’కు ‘హాడ్ నోన్’ సరిగా సరిపోతుంది. ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అని రెండుచోట్లా ‘వుడ్’ పెట్టడం మాత్రం మానుకోవలెను. ‘ఉంటే’ ఉన్న భాగానికి ‘హాడ్’, ‘ఉండేవాడిని’ ఉన్న భాగానికి ‘వుడ్ హావ్’.

ఆశపడడం, అనుకోవడం వంటి క్రియలతో కూడ ‘హాడ్’ ఇట్టి ఛాయనే తెస్తుంది. ‘ఐ హాడ్ హోప్డ్ యూ వుడ్ కమ్ టు ది వెడ్డింగ్’ అంటే వస్తారని ఆశపడినాను, మీరు రాలేదు అని తాత్పర్యం. పెళ్ళి అయిన తరువాత వ్రాస్తే అది సున్నితమైన నిష్ఠూరం. పెళ్ళికి ఇంకా పది రోజులుండగానే శుభలేఖతోపాటు ఆ వాక్యాన్ని వ్రాసి పంపితే, తాము రాబోవడం లేదని వీరు ముందే తీర్మానించినారని అవతలివారు అనుకొంటారు. అప్పుడు వ్రాయవలసినది ‘ఐ హోప్ యూ విల్ కమ్.’